పదో నంబరు గొంతు

ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి ముందుగది కోర్టైపోతుంది. నాలుగు కుర్చీల్లో నలుగురు జడ్జీలు, మధ్యలో ఒక బల్ల, ఆ ఏడాది విడుదలైన సినిమాలన్నీ బోనెక్కిన ముద్దాయిలు. చీకటి పడేలోగా ఒకటో నంబరు నుంచి పదో నంబరు దాకా తేల్చేయాలి. తేల్చి ఏం చేస్తారయ్యా అంటే, ఆ జాబితాను సినిమాహాలు గుమ్మం పక్కనున్న అద్దాల బోర్డులో అంటిస్తారు. ఊరంతా నిలబడి దాన్నే చదువుతోందని వాళ్ళ మురిపెం. ఊరు ఆ అద్దం ముందు నిలబడేది తల దువ్వుకోవడానికి.

ఈ సంఘానికి అధ్యక్షుడు ఆ ఇంటి చిన్నకొడుకు. కరెంటు ఆఫీసులో గుమాస్తా. బల్లమీద కాగితం పక్క బల్లకి జరగాలంటే అతనికి నెల పడుతుంది గానీ, ఏ సినిమాలో ఏ పాట ఎన్నో నిమిషంలో వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రెండో ఆయన కళ్ళజోళ్ళ కొట్టు యజమాని. ఊరందరి చూపూ సరిచేస్తాడు, తాను మాత్రం హాల్లో లైట్లు ఆర్పగానే గురక పెడతాడు. మూడో ఆయన లెక్కల మాస్టారు. కథకి ఇరవై రెండున్నర, ఫైట్లకి పద్దెనిమిదింబావు అంటూ ప్రతి సినిమాకీ పరీక్ష పేపరు దిద్దినట్టు మార్కులు వేసుకొస్తాడు. నాలుగోవాణ్ణి అందరూ ఫస్ట్‌షో అంటారు. అసలు పేరు కన్నతల్లికైనా గుర్తుందో లేదో. మొదటిరోజు మొదటి ఆట చూడనివాడికి ఆ సినిమా గురించి నోరెత్తే హక్కే లేదంటాడు.

వీళ్ళకి మూడుసార్లు టీ పెట్టడం, చివర్లో జాబితాను కుదురైన అక్షరాలతో రాసివ్వడం పెద్దకోడలి వంతు. ఆమె చేతిరాత అచ్చువేసినట్టుంటుంది. ఆమెది సినిమా స్టూడియోలో కాగితాలు రాసే ఉద్యోగమని మరిది అనుకుంటాడు మరి. భర్త లారీ మీద వారానికోసారి ఇంటికొచ్చే మనిషి, ఆయనా అంతే అనుకున్నాడు.

అసలు సంగతి తెలిసింది అత్తగారొక్కదానికే. పెద్దకోడలు ఎనిమిదేళ్ళుగా సినిమాల్లో హీరోయిన్లకి గొంతిస్తోంది. తెరమీద పెదాలు కదిలేది వాళ్ళవి, మాట ఈమెది. ఆ పొడుగుపిల్ల ఉందే, భాష రాని ఆ పెద్ద హీరోయిన్, తన మాట తానే చెప్పుకుంటానని పత్రికలవాళ్ళ ముందు ఒకటే కోతలు. అందుకని స్టూడియోవాళ్ళు పెద్దకోడలి చేత నోరు విప్పనని మాట తీసుకున్నారు. పెద్దకోడలి కూతురు పాలు తాగే రోజుల్లో అత్తగారే దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టూడియో వరండాలో కూర్చునేది కాబట్టి ఆమెకి దాచడం కుదరలేదు.

ఆ ఆదివారం రెండో టీ దగ్గరికి వచ్చేసరికి గదిలో గొడవ కప్పు లేచిపోయేలా ఉంది.

"రైలు సినిమాయే ఒకటో నంబరు. ఇంకో మాట లేదు," అన్నాడు మరిది. "ఆ ప్లాట్‌ఫారం మీద పొడుగుపిల్ల 'నేను దిగను' అంటుంది చూడు, ఆ ఒక్క ముక్కకే ఇచ్చేయొచ్చు."

"గొంతా అది! తేనె!" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"మీరు మెలకువగానే ఉన్నారా ఆ సీనుకి?" అన్నాడు ఫస్ట్‌షో.

"ఆ గొంతుకే మెలకువొచ్చిందయ్యా నాకు!"

లెక్కల మాస్టారు కాగితం చూసుకుని, "గొంతుకి ఇరవై ఐదుకి ఇరవై నాలుగున్నర వేశాను. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఎవరికీ నిండు మార్కులివ్వడం నా అలవాటు కాదు," అన్నాడు.

పెద్దకోడలు టీ గ్లాసులు పెడుతూ నవ్వు దాచుకుంది. ఇంతకీ నాలుగో నంబరు దగ్గర వీళ్ళు చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆ సినిమా నలుగురిలో ఏ ఒక్కడూ చూడలేదు. హాల్లో మూడురోజులే ఆడింది. అయినా పోస్టరు హుందాగా ఉందని, ఇలాంటిది ఒకటి లేకపోతే మనకి అభిరుచి లేదనుకుంటారని నాలుగులో కూర్చోబెట్టారు. చూసిన సినిమాల మీద గంటలకొద్దీ జుట్లు పట్టుకున్నవాళ్ళు, చూడని సినిమా మీద ఎంత చక్కగా ఏకమయ్యారని!

చివరికి పదో నంబరుకి బజారు సినిమా మిగిలింది. అందులో సొట్టబుగ్గల హీరోయిన్ కూరగాయలమ్మే గయ్యాళి. ఆ గొంతూ పెద్దకోడలిదే. దానికోసం ఆమె వారంరోజులు తెల్లారుజామునే కూరగాయల బజారుకి వెళ్ళి, బుట్టల మధ్య నిలబడి, ఆడవాళ్ళు ఎలా అరుస్తారో, అరిచి అరిచి చివరి మాట దగ్గర గొంతు ఎలా జీరపోతుందో విని వచ్చింది. ఎనిమిదేళ్ళలో తనకి తాను సెబాసు అనుకున్న పని అదొక్కటే.

"సినిమా బాగుంది గానీ, ఆ గొంతేంట్రా బాబూ!" అన్నాడు ఫస్ట్‌షో. "రేకు మీద మేకుతో గీసినట్టు!"

"ఎవత్తో అది! పట్టుకొచ్చినవాణ్ణి అనాలి," అన్నాడు మరిది. "ఇదిగో, ఈ ఏడు మనం ఊరికే జాబితా వేసి ఊరుకోకూడదు. రెండో భాగం తీస్తున్నారట. గొంతు మార్చండి, లేకపోతే మా ఊళ్ళో బొమ్మ ఆడదు అని ప్రొడ్యూసరుకి ఉత్తరం పడేద్దాం. పోయినేడు మన ఉత్తరం దెబ్బకి ఆ కమెడియన్ని తీసేశారా లేదా?"

తీసేసిన మాట నిజమే. వచ్చేనెలే ఆ రెండో భాగానికి ఆమె గొంతివ్వాలి. ఆ స్టూడియోలో ఒక్కసారి గొంతు బాగోలేదన్న పేరు పడిందా, ఇక ఎవరూ పిలవరు. ఎనిమిదేళ్ళ పని ఒక్క కాగితంతో పోతుంది.

"వదినా, పెన్ను తెచ్చుకో. నేను చెబుతా, నువ్వు రాయి," అన్నాడు మరిది.

"రాయను."

"అదేంటి?"

"ఆ మనిషి పొట్ట కొట్టడానికి నా చేతిరాత కావాలా మరిదీ? గయ్యాళి గయ్యాళిలా కాక జోలపాట పాడినట్టు అరుస్తుందా? బజారుకెళ్ళి ఎప్పుడైనా కూరలు కొన్నావా నువ్వు?"

"సినిమా సంగతులు నీకేం తెలుసు వదినా? కాగితాలు రాసుకునేదానివి."

అంతే. ఎనిమిదేళ్ళు దాచిన మాట పెద్దకోడలి పెదవి దాటిపోయింది. "ఆ మేకూ నేనే. మీ తేనే నేనే," అంది. ఆమె ట్రే కింద పెట్టి, కళ్ళు మూసుకుని, రైలు సినిమాలోని ఆ మాటని ఆ ప్లాట్‌ఫారం మీద చెప్పినట్టే చెప్పింది. "నేను దిగను."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఫస్ట్‌షో చప్పట్లు కొట్టాడు.

"భలే! మిమిక్రీ కూడా వచ్చన్నమాట అక్కగారికి!"

"బాగుందమ్మా, బాగుంది," అన్నాడు కళ్ళజోళ్ళాయన పెద్దరికంగా. "కానీ నేను కళ్ళు మూసుకుని మరీ విన్నాను. ఆ ఆత్మ లేదు."

"కళ్ళు మూసుకోవడం మీకు కొత్తా!" అంది పక్కగదిలోంచి అత్తగారు.

లెక్కల మాస్టారు ఆలోచించి, "వందకి యాభై ఆరు," అన్నాడు.

అత్తగారు చేటలో ఏరుతున్న బియ్యం అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "ఒరేయ్, రైలు సినిమాకి నువ్వు చొక్కా తడిసేలా ఏడ్చావే, ఆ ఏడుపు మీ వదినదిరా వెర్రినాగన్నా! స్టూడియో వరండాలో కూర్చుని నా చెవులారా విన్నాను. యాభై ఆరట! మీ మొహాలకి నేనేస్తా మార్కులు!"

"అమ్మా, నువ్వూరుకో. పెద్దవాళ్ళ మాటల్లోకి రాకు," అన్నాడు మరిది. డెబ్భై రెండేళ్ళ మనిషిని పట్టుకుని పెద్దవాళ్ళ మాటల్లోకి రావద్దన్నాడండీ! "పొడుగుపిల్ల తన గొంతు తనదేనని పేపర్లో చెప్పింది. పేపరు అబద్ధమాడుతుందా, వదిన అబద్ధమాడుతుందా?"

పెద్దకోడలు ట్రే తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. మూడో టీ పెట్టలేదు. ఆ ఏడు జాబితా, ఉత్తరం నలుగురూ తలో ముక్కా రాసుకున్నారు. మర్నాడు ఉత్తరాన్ని పోస్టులో వేశారు కూడా.

ఇరవై రోజులకి స్టూడియో నుంచి పిలుపొచ్చింది. సౌండు ఇంజనీరు ఆ ఉత్తరాన్ని ఆమె ముందు పెట్టాడు. నాలుగు సంతకాల్లో మొదటిది మరిదిది.

"చూశావా అమ్మా, ఎవరో తలమాసినవాళ్ళు. కానీ ప్రొడ్యూసరు హడలిపోయాడు. గొంతు మార్చి తీరాలంటున్నాడు."

"ఎవరిని పిలిచారు?" అంది ఆమె.

"ఇంకెవరున్నారు? ఆ సొట్టబుగ్గల పిల్ల పెదాలకి మాట అతికించడం నీ ఒక్కదానికే చేతనవును. నువ్వే చెప్పు. ఆ పాత గొంతు తీసేసి, నువ్వు పొడుగుపిల్లకి చెప్పే గొంతు వెయ్యి. కాస్త తీపి తగ్గించి."

"కూరగాయల బుట్ట దగ్గర ఆ గొంతెలా అతుకుతుందండీ? ఆ గయ్యాళి చచ్చిపోతుంది."

"చచ్చిపోతుంది," ఒప్పుకున్నాడు ఇంజనీరు. "కానీ నీ పని బతుకుతుంది. ఏమంటావ్?"

ఆమె మైకు ముందుకి వెళ్ళి నిలబడింది. బుట్టల మధ్య వారంరోజులు నిలబడి ఏరి తెచ్చుకున్న ఆ జీర గొంతులోనే ఉంది, పిలిస్తే వచ్చేలా. దాన్ని మింగేసింది. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, "వెయ్యండి బొమ్మ," అంది.

వేసవిలో రెండో భాగం విడుదలైంది. మరిది ఇంటిల్లిపాదికీ టికెట్లు తెచ్చాడు. తెరమీద ఆ సొట్టబుగ్గల గయ్యాళి నడుముకి కొంగు బిగించి, తూకంలో మోసం చేసినవాడి కాలరు పట్టుకుని, పెళ్ళిచూపుల్లో పలకరించినంత కమ్మగా తిట్టింది. హాలంతా ఈలలు. పక్క సీట్లో మరిది కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"విన్నావా వదినా? అదీ గొంతంటే! మా ఉత్తరం మహిమ. ఈ ఏడు దీన్ని ఒకటో నంబరు చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటాను."

అత్తగారు అవతలి సీట్లోంచి ఏదో అనబోయింది. పెద్దకోడలు ఆమె చెయ్యి నొక్కి ఆపింది.

"ఆ గొంతు పరమ దండగ మరిదీ," అంది తెరమీంచి చూపు తిప్పకుండా. "ఏ బజారులోనూ ఏ ఆడదీ అలా తిట్టదు. ఇలా తిడితే బేరం కూడా రాదు."

"నీకు ఈర్ష్య వదినా," అన్నాడు మరిది జాలిగా, ఇంకో ఈల వేస్తూ.