తాడు రెండో కొన

పెద్దావిడ మళ్ళీ పక్క తడిపింది. ఆయా ఆవిడను ఒక పక్కకు ఒత్తిగిలజేసి తడి దుప్పటి లాగి, పొడిది సగం పరిచి, రెండో పక్కకు తిప్పి మిగతా సగం పరిచింది. నడుము పట్టేసింది. తాడు మాత్రం విప్పలేదు.

పాత దుప్పటి అంచు చించి పేనిన తాడు అది. ఒక కొన పెద్దావిడ చేతికి, రెండో కొన ఆయా మణికట్టుకి. మొదట్లో మంచం దగ్గర గంట పెట్టారు. దాని మోతకి కొడుక్కీ కోడలికీ నిద్ర పాడవుతోందని గంట తీసేసి, ఆవిడ లాగితే ఆయా లేచేలా తాడు కట్టారు. పరాయి దేశం నుంచి పనికోసం వచ్చిన మనిషి నిద్రని అక్కడే వదిలేసి వచ్చిందనుకున్నారేమో!

ఈ సాయంత్రం ఊళ్ళో ఆయాలంతా పార్కులో కలుస్తున్నారు. వారానికో రోజు సెలవు కావాలని అందరూ ఒక్కమాటగా అడగాలని వాళ్ళ ఆలోచన. పోయినసారి మందులకని బయటికొచ్చి, ఆమె కూడా కాసేపు వాళ్ళ మధ్య కూర్చుంది. కూర్చున్నచోటే కునుకు పట్టింది. పక్కింటి ఆయా లేపుదామని చెయ్యి పట్టుకోగానే “వస్తున్నా అమ్మగారూ!” అంటూ లేచి నిలబడింది. అందరూ పకపకా నవ్వారు. తర్వాత ఎవరి మణికట్టు వాళ్ళు తడుముకున్నారు.

కొడుకు గదిలోకి తొంగిచూశాడు.

“ఆయా, సాయంత్రం చుట్టాలొస్తున్నారు. నువ్వుండాలి.”

“ఇవాళ సెలవిస్తానన్నారు కదా బాబూ.”

“వచ్చే వారం చూద్దాంలే. అయినా నువ్వు మా ఇంటి మనిషివి. మనలో మనకి సెలవులేంటి?”

ఈ మాట వినీ వినీ ఆమెకి విసుగెత్తిపోయింది. సెలవడిగినప్పుడే ఆమె ఇంటి మనిషి. భోజనాల వేళకి వంటింట్లో గోడవారన కూర్చునే మనిషి.

ఆమె ముడి విప్పి, తాడు కొన అతని ముందుకు చాపింది.

“ఇంటి మనుషులు మీరూ ఉన్నారు కదా బాబూ. ఈ పూటకి మీరు కట్టుకోండి. పొడి దుప్పట్లు పై అరలో ఉన్నాయి. అమ్మగారికి ఎడమ భుజం నొప్పి, అటు ఎక్కువసేపు పడుకోబెట్టకండి.”

“తమాషాగా ఉందా? ఇప్పుడు గడప దాటావంటే మళ్ళీ రానక్కర్లేదు!”

వెళితే పనితో పాటు తలదాచుకునే చోటు కూడా పోతుంది. పెద్దావిడంటే ఆమెకి ప్రాణం కూడాను. అయినా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అతను అందుకోలేదు. తాడు జారి నేల మీద పడింది.

“పిల్లా...” అంటూ పెద్దావిడ నిద్రలోనే చెయ్యి లాగింది. తాడు కొన నేల మీద కొంచెం జరిగి ఆగింది.

ఆయా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆమె ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.