మొదటి పేరు

పదిహేను రోజుల కంప్యూటర్ ట్రైనింగ్ అయ్యాక పరాయి రాష్ట్రంలోని ఆ ఆసుపత్రిలో రికార్డుల అధికారి, తెలుగావిడ వెరోనికా ఆరు వందల మంది రోగుల పేర్లు తనే టైపు చేసింది. ఆ సోమవారం నుంచి వార్డులు కంప్యూటర్ మాటే వినాలి.

మధ్యాహ్నం నర్సు రోహిణి సిరంజితో వచ్చింది. వెనకే నరసింగరావు, గొంతువాపుతో మాట పెగలని ఆయన భార్య అచ్చమ్మ.

"దీదీ, ఈవిడకి పెన్సిలిన్ ఇవ్వొచ్చా?"

వెరోనికా 'అచ్చమ్మ' అని కొట్టింది. తెర మీద రికార్డు లేదు.

"కొత్త పేషెంటు. ఇచ్చెయ్."

"కొత్తేటమ్మా? రెండుసార్లు ఇక్కడే చేర్పించినాను," అన్నాడు నరసింగరావు. "మీ మిషనుకి గేదెలోళ్ళం తెలీదేటి?"

వెరోనికా వేళ్ళు ఆగిపోయాయి. 'ఫస్ట్ నేమ్' అన్న గడిలో, మన పేర్లకు ముందుండేది ఇంటిపేరే కదా అని, తెలుగువాళ్ళందరికీ ఇంటిపేరే కొట్టింది తను. కంప్యూటర్ వెతికేది ఆ గడిలోనే.

'గేదెల' అని కొట్టింది. అచ్చమ్మ రికార్డు వచ్చింది. పెన్సిలిన్ పడదు.

"రోహిణీ, ఇవ్వకు."

రోహిణి సిరంజి కింద పెట్టింది.

"పొద్దున్నించి ఇంకో ముగ్గురు తెలుగోళ్ళని కూడా మీరు కొత్తన్నారు, దీదీ."

"పెన్సిలిన్ ఇచ్చేశావా?"

"ఇద్దరికి."

వెరోనికా వార్డువైపు పరిగెత్తింది.