తెల్లబట్టలో కట్టిన తీర్మానం

మా పంచాయతీ పేరెందుకులెండి, కోకాపేటకు పోయే దారిలో అని చెప్తే చాలు. అక్కడ రికార్డు రూం అంటే ఎలుకలకు తప్ప ఎవరికీ గౌరవం లేదు. పదకొండేళ్లు ఆ గది తాళం నా కొంగున ఉంది కాబట్టి నాకూ పెద్ద గౌరవం లేదు.

తొంభై ఎనిమిదిలో అటు గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతుంటే, ఇటు మా ఆఫీసుకూ కంప్యూటర్లు వస్తాయన్నారు. వాటికి చల్లటి గది కావాలట. ఖాళీ చేయడానికి దొరికింది నా గదే.

కిందటేడు వచ్చిన ఈవో విశ్వేశ్వరరావు గారిది కాకినాడ. మాట మెత్తన, మనిషి గట్టి. "సుగుణ గారూ, ఎర్రబట్ట మూటలు జిల్లా ఆఫీసుకు పంపేద్దామండి. తెల్లబట్టవి కాగితాల మిల్లుకి. జాబితా రాసి సంతకం పెట్టండి" అన్నారు.

మా ఆఫీసు పద్ధతి అది. ఎప్పటికీ ఉంచాల్సిన పుస్తకాలకు ఎర్రబట్ట, గడువు తీరాక పారేసేవాటికి తెల్లబట్ట.

ఆ వారమే సక్కుబాయి వచ్చింది. గుట్ట కింద ఎనిమిదిళ్ల బస్తీ వాళ్లది. కొత్త రోడ్డు సరిగ్గా వాళ్ల గడపల మీదుగా గీశారు. జాగా హక్కు కాగితం పదిహేను రోజుల్లో చూపించాలి, లేకపోతే కబ్జా అని ఇళ్లు కూలుస్తామని నోటీసు ఇచ్చారు.

"డెబ్భై నాలుగుల మా అత్తకు పంచాయతోల్లే జాగ ఇచ్చిర్రు బిడ్డ. తీర్మానం జేసిర్రు. నేనప్పుడు కొత్త కోడల్ని. జర చూడు" అంది.

రెండు రోజులు ఎర్రమూటలన్నీ విప్పాను. డెబ్భై నాలుగో సంవత్సరం తీర్మానాల పుస్తకం లేదు. మూడో రోజు విసుగుతో తెల్లమూటల మీద పడ్డాను. అడుగున దొరికింది. ఆ ఏడాది ఎర్రబట్ట సప్లై రాలేదని అప్పటి గుమాస్తా చీటీ రాసిపెట్టి, ధోవతి ముక్కలో కట్టేశాడు మహానుభావుడు! తర్వాత బట్ట వచ్చినా మార్చిన పాపాన పోలేదు. పదకొండేళ్లలో నేనూ విప్పి చూడలేదు. ఆయన్ని తిట్టి, నన్ను నేను ఇంకో నాలుగు తిట్టుకున్నాను.

పుస్తకం తీసుకెళ్లి ఈవో ముందు తెరిచాను. "తీర్మానం పద్నాలుగు సార్. ఎనిమిది కుటుంబాలకు ఇళ్ల జాగాలు. పేర్లున్నయి, వేలిముద్రలున్నయి."

ఆయన నిదానంగా చదివి మూసేశారు. "ఎక్కడ దొరికిందండీ?"

"తెల్లమూటల."

"అయితే తెల్లమూటతోనే పోనివ్వండి" అని నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెలియక అన్న మాట కాదది, ఆ పుస్తకం పోతే రోడ్డుకు అడ్డుండదని తెలిసే అన్నారు.

బయటికొచ్చి, ఆ తీర్మానం నకలు కావాలని సక్కుబాయి తరఫున అర్జీ రాసి, ఆమెకు చదివి వినిపించి వేలిముద్ర వేయించాను. ఇన్వర్డ్ రిజిస్టర్లో నంబరు వేసి, ముద్ర కొట్టి, రసీదు చేతిలో పెట్టాను. అర్జీ తేలేదాకా ఆ రికార్డును పారేయడానికి వీల్లేదు. ఈ సంగతి మా ప్యూనుకు కూడా తెలుసు.

మధ్యాహ్నానికి ఈవోకి తెలిసిపోయింది. "ఆ నంబరు కొట్టేయండి" అన్నారు.

"దాని కింద ఇంకా ఆరు నంబర్లు పడ్డయి సార్."

"అయితే ఆ పేజీ తీసేయండి."

రిజిస్టర్ మొదటి పేజీ తిప్పి ఆయన ముందు పెట్టాను. 'ఇందులో రెండువందల పేజీలు ఉన్నవి' అని జనవరిలో ఆయనే రాసి, ఆయనే సంతకం పెట్టారు. ఏటా పెట్టేదే, ఎవరూ మళ్లీ చూడరు.

"ఒక్క పేజీ తగ్గినా అడిగేది మిమ్మల్నే సార్."

"బెదిరిస్తున్నారా?"

"నా పని నేను చేస్తున్న సార్. మీ జాబితా మీద గూడ సంతకం పెట్ట. ప్రతి మూట విప్పి చూసినంకనే పెడత."

"మీరిక్కడ ఉండరు, తెలుసా?"

"పొమ్మంటే పోత. ముందు ఆమెకు నకలియ్యాలె."

ఆయన రిజిస్టర్ మూసి నా వైపు తోశారు.

వారం తిరగకుండా నా టేబుల్ మీదికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఆయన సంతకంతో నకలు. రెండోది జీడిమెట్ల అవతలికి నా బదిలీ. అబద్ధమెందుకు, రికార్డు రూంలో కూర్చుని ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని, ఛార్జి అప్పజెప్పే జాబితాలో ఆ పుస్తకాన్ని మొదటి వరసలో రాసి, నా తర్వాత వచ్చినాయన చేత సంతకం పెట్టించుకున్నాను.

నకలు చూపించాక నోటీసు వెనక్కి తీసుకున్నారు. రోడ్డు వంకర తిరిగింది. ఆ మాట చెప్పడానికే నా ఆఖరి రోజున సక్కుబాయి వచ్చింది. నా చేతులు పట్టుకుని వదల్లేదు.

"నా ఇల్లు నిలవెట్టినవు. నీకేమో గింత పరేషాన్ వచ్చె గద బిడ్డ. రెండు బస్సులు మారాలెనంట?"

"ఫికర్ జేయకమ్మా" అన్నాను. "ఆడ గూడ రికార్డు రూం ఉంటది."