నూకరత్నంగారి తోక కీబోర్డు

నేను ఒక కీబోర్డును, అదీ పూర్తి సైజుది కాదు. పక్కన ఉండాల్సిన అంకెల గడులు తీసేసి, కీలన్నీ దగ్గరదగ్గరగా సర్ది, జానెడు మీద నాలుగు వేళ్ళ వెడల్పులో ముగించేసిన పొట్టిదాన్ని. వెనకాల మూరెడు తీగ. దాన్ని అందరూ తోక అంటారు. చేత్తో పట్టుకుని తిరిగే చిన్న ట్యాబులకు తగిలించుకోవడానికి నన్ను చేశారు.

నాకు మొదటి నుంచీ అనుమానం ఎక్కువ. ఫ్యాక్టరీలో ఆఖరి మర బిగించగానే ఒక ఇనుప వేలు వచ్చి నా డెబ్భై ఎనిమిది కీలనూ ఒక్కొక్కటే నొక్కి చూసింది. అంటే చేసినవాళ్ళకే నా మీద నమ్మకం లేదన్న మాట. ఆ తర్వాత కాకినాడ మెయిన్ రోడ్డులో, షరీఫ్‌గారి కంప్యూటర్ షాపు అద్దాల బీరువాలో ఎనిమిది నెలలు కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నన్ను బయటికి తీయించి, నా మీద తమ పేర్లు కొట్టి చూసుకుని, "మళ్ళీ వస్తామండీ" అని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కరూ మళ్ళీ రాలేదు. మనిషి నోరు చెప్పేది ఒకటి, వేళ్ళు చేసేది ఇంకొకటి అని నాకు అక్కడే అర్థమైంది.

ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. మెడ చుట్టూ తెల్లటి పలచని గుడ్డ కట్టుకుంది. ఆయన చేతిలో ఒక చిన్న ట్యాబు ఉంది. మాటలన్నీ ఆయనే మాట్లాడారు.

"మా ఆవిడకండీ. గొంతులో కేన్సరొస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇంక మాట రాదు. ఈ ట్యాబులో ఏం కొడితే అది పైకి చదువుద్ది. కొట్టడానికి స్క్రీన్ మీదే అక్షరాలున్నాయి. నేను పక్కనుండి నొక్కుతూనే ఉన్నాను. అయినా కీబోర్డు కావాలని పట్టు."

షరీఫ్‌గారు మూడు కీబోర్డులు బల్ల మీద పెట్టారు. ఒకటి పుస్తకంలా మడతపడేది. ఒకటి చాపలా చుట్టేసే రబ్బరుది. మూడోది నేను.

"మడతపెట్టేది తీసుకోండమ్మా. తీగ లేదు, హ్యాండుబ్యాగులో పడిపోద్ది. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు."

ఆవిడ తలూపింది. మడత కీబోర్డు మీద పది వేళ్ళూ ఆనించింది. కళ్ళు మాత్రం కీల వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండర్ వైపు చూశాయి. ఆ కూర్చునే తీరు చూసి ఈవిడ వేళ్ళతో బతికిన మనిషి అని కనిపెట్టాను. తర్వాత తెలిసింది, నూకరత్నంగారు ఇరవయ్యేడేళ్ళుగా ఒక ప్రభుత్వాఫీసులో తెలుగు టైపిస్టు. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. ఏ అక్షరం ఏ కీ కింద ఉంటుందో ఆవిడ వేళ్ళకే తెలుసు.

ఆవిడ కొట్టింది. ట్యాబు ఆడగొంతుతో చదివింది: "మా ఇంటి వరనాలో చెట్టు."

షరీఫ్‌గారు తెల్లబోయారు. ఆవిడ మడత కీబోర్డును ఆయన వైపు తిప్పి, కుడి అంచున వేలుంచి చూపించింది. చోటు చాలక అక్కడి కీ ఒకటి ఎత్తేశారు. దాన్ని ఇంకో కీతో కలిపి నొక్కితే గానీ రాదు. తెలుగు లేఅవుట్‌లో 'డ' ఉండేది ఆ కీ కిందే. వరండా కాస్తా వరనా అయింది.

"ఇంగ్లీషు కొట్టేవాళ్ళకి ఆ కీతో పనుండదమ్మా," అన్నారు షరీఫ్‌గారు, తప్పు తనదే అయినట్టు.

రబ్బరుది వేలికి బదులు చెప్పదు. నొక్కామో లేదో తెలియదు. ఆవిడ రెండు మాటలు కొట్టి వదిలేసింది. చివరికి నా దగ్గరకు వచ్చింది. చ, ట, డ, య వరసగా కొట్టి చూసింది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. అప్పుడు పూర్తి వాక్యం కొట్టింది. నా తోక పట్టుకున్న ట్యాబు గట్టిగా చదివింది: "ఇది చాలు. దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు. నా మాట మధ్యలో ఆగదు."

ఆయన నవ్వారు. "ఇంకో సామాను దేనికే రత్నం? నొక్కడానికి నేను లేనా?"

మాట ప్రేమగానే ఉంది. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆయన పేరు త్రిమూర్తులు. ఆ రోజు నుంచి ఆయన కుడిచేతి చూపుడు వేలిని ఓ కంట కనిపెడుతూనే వచ్చాను.

ఇంటికి వెళ్ళాక సంగతి తెలిసింది. స్క్రీన్ మీద టైపు చేసేటప్పుడు, రెండు అక్షరాలు పడగానే ట్యాబు పైన మూడు మాటలు చూపిస్తుంది, వీటిలో ఏది కావాలి అన్నట్టు. త్రిమూర్తులుగారు పక్కనుండి వంగి వాటిలో ఒకటి నొక్కేసేవారు. నేను రాకముందు ఒకసారి ఆవిడ చెల్లెలు వీడియో కాల్ చేసి ఎలా ఉన్నావక్కా అని అడిగింది. ఆవిడ 'బా' అని కొట్టేసరికి ఆయన వేలు పడింది. "బాగున్నాను" అంది ట్యాబు. ఆవిడ కొట్టబోయింది 'బాధగా ఉంది' అని. చెల్లెలు సంతోషపడి ఫోను పెట్టేసింది. నేను తగులుకున్నాక స్క్రీన్ మీది అక్షరాలు, ఆ మూడు మాటలు అన్నీ మాయమయ్యాయి. ఆయన వేలికి పని లేకుండా పోయింది. వేలు ఊరికే ఉన్న మనిషి ఏం చేస్తాడో అని నా భయం నాది.

వాళ్ళకు ఒక్కడే కొడుకు, లోవరాజు. పాతికేళ్ళు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళుగా పరీక్షలు రాస్తున్నాడు, ఏదీ తగల్లేదు. ఇంట్లో ఎక్కువ మాట్లాడడు. మాట్లాడని మనుషుల మీద నాకు ఇంకా అనుమానం. ఆదివారాలు చిన్న బ్రష్షు తెచ్చి నా కీల మధ్య దుమ్ము దులిపేవాడు. ఏ కీ ఊడదీస్తాడో అని బిగుసుకుని కూర్చునేదాన్ని.

నూకరత్నంగారి సెలవు అయిపోవస్తోంది. ఆవిడ మళ్ళీ పనిలో చేరగలదో లేదో తేల్చమని ఆఫీసువాళ్ళు మెడికల్ బోర్డుకు రాశారు. త్రిమూర్తులుగారు ఎవరినో కనుక్కుని వచ్చారు. ఆవిడ పనికిరాదని బోర్డు రాసిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చే దారి ఉందట.

"ఒక్క మాట, రత్నం," అన్నారు భోజనాల దగ్గర. "చేయలేనని ఒక్క మాట అన్నావంటే కుర్రాడి బతుకు కుదురుకుంటది. నువ్వింక ఆ మెట్లెక్కి దిగడం దేనికి, హాయిగా ఇంటి పట్టునుండు."

ఆవిడ నా వైపు చెయ్యి చాపింది. ఆయన నా తోక ఊడదీసి పక్కన పెట్టారు. "ఇప్పుడేం చెప్పొద్దు. ఆలోచించు."

ఆ వారమంతా రోజూ ఆయన ట్యాబు తీసుకుని, స్క్రీన్ మీద 'నేను చే' అని కొట్టి, పక్కన వచ్చే 'చేయలేను' నొక్కి ఆవిడకు వినిపించేవారు. చూడు, ఎంత తేలికో అన్నట్టు. నేను బల్ల మీద పడి ఉండి చూస్తున్నాను. ట్యాబుకు ఎలా చెబితే అలా అలవాటవుతుంది. నాలుగో రోజుకల్లా 'నేను చే' అనగానే 'చేయలేను' ముందు వరసలోకి వచ్చి కూర్చుంది. ఆవిడ కూడా చూసింది. ఆ సాయంత్రం నన్ను తగిలించి, 'నేను ఉద్యోగానికి వెళ్తాను' అని కొట్టింది. పైకి చదివించకుండానే చెరిపేసింది. మర్నాడూ అంతే. ఈవిడ కూడా లొంగిపోతుందేమో అని ఆవిడ మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

బోర్డుకు వెళ్ళాల్సిన రోజు పొద్దున్న త్రిమూర్తులుగారు ఆటో కోసం వీధి చివరికి వెళ్ళారు. ఆవిడ స్నానానికి వెళ్ళింది. లోవరాజు వచ్చాడు. బల్ల మీది నన్ను తీశాడు. నా తోకను నాకే చుట్టి, తన బ్యాగులో పుస్తకాల మధ్య దోపి, జిప్పు లాగేశాడు.

ఇన్నాళ్ళూ నేను కనిపెట్టాల్సిన వేలు వదిలేసి ఇంకో వేలిని కనిపెట్టాను.

బయట వెతుకులాట వినిపించింది. పరుపులు ఎత్తుతున్నారు, సొరుగులు లాగుతున్నారు. "ఇక్కడే ఉండాలే!" అని త్రిమూర్తులుగారు నిజంగానే కంగారుపడ్డారు. "సరే పదవే, టైమైపోతుంది. నేనున్నానుగా," అన్నారు చివరికి.

లోవరాజు కూడా ఆ బ్యాగు భుజాన వేసుకుని వాళ్ళతో ఆటో ఎక్కాడు. బోర్డు గదిలో ముగ్గురు డాక్టర్లు ఉన్నారని గొంతుల్ని బట్టి తెలిసింది. వాళ్ళలో పెద్దావిడ అడిగారు. "ఆఫీసు పని చేయగలరా అమ్మా మీరు?"

ట్యాబు ఏ తడబాటూ లేకుండా అంది: "నేను చేయలేను."

అది ఎవరి వేలో నాకు చూడక్కర్లేదు.

పెద్ద డాక్టరుగారికి కూడా అక్కర్లేకపోయింది. "మీరు ఆ చెయ్యి తీయండి," అన్నారు కటువుగా. "ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"ఆవిడ చెప్పేదే అండీ. త్వరగా కొట్టలేదని సాయం…"

అప్పుడు వినిపించింది చప్పుడు. టకటకా చెక్క మీద. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎడమ చిటికెన వేలు, వెంటనే కుడి మధ్యవేలు, మాటకూ మాటకూ మధ్య బొటనవేలి బరువు. రోజూ నా మీద పడే దెబ్బలే. ఆవిడ ఒట్టి బల్ల మీద టైపు చేస్తోంది. అక్కడ కీలు లేవు, అక్షరం పడదు, ట్యాబు చదవదు. అయినా ఆపలేదు. వాక్యం అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి అదే వాక్యం.

జిప్పు తెరుచుకుంది. వెలుతురులో లోవరాజు ముఖం కనిపించింది. నన్ను ఏ కిటికీలోంచి విసిరేస్తాడో అనుకున్నాను. తోక విప్పి, ట్యాబుకు గుచ్చి, తల్లి చేతుల కింద పెట్టాడు.

"ఇదెక్కడిదిరా?" అన్నారు తండ్రి. "పొద్దున్నంతా వెతికాం కదా!"

"నేనే తీశాను నాన్నా." వాడు తల ఎత్తలేదు. "ఆ ఉద్యోగం నాక్కావాలి. అందుకే తీశాను. కానీ అమ్మ అలా చెక్క మీద కొట్టుకుంటా ఉంటే చూళ్ళేకపోతున్నాను."

ఆవిడ కొట్టడం మొదలుపెట్టింది. రెండు అక్షరాలు తప్పు పడ్డాయి, చెరిపింది. మళ్ళీ కొట్టింది. ట్యాబు చదివింది: "నేను చేయగలను. ఇందాకటిది నా మాట కాదు. మా ఆయన వేలు."

పక్కనున్న డాక్టరుకు నమ్మకం కుదరలేదు. "ఇంటి దగ్గర రాసి పెట్టుకుని తెచ్చారేమో," అని, బల్ల మీది పేపరు తీసి ఎక్కడో మధ్యలోంచి చదవడం మొదలుపెట్టారు. ఏదో ఊళ్ళో మంచినీళ్ళ పైపు పగిలిన వార్త. కావాలనే వేగం పెంచారు. ఆవిడ కళ్ళు ఆయన ముఖం మీదే ఉన్నాయి. నేను ఆవిడ వేళ్ళ కింద ఏ ఒక్క అక్షరాన్నీ జారనివ్వలేదు. ఆయన ఆగిన రెండు క్షణాలకు ఆవిడా ఆగింది. ట్యాబు ఆ వార్తంతా పొల్లుపోకుండా చదివి వినిపించింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

పెద్ద డాక్టరుగారు త్రిమూర్తులుగారి వైపు తిరిగారు. ఏదో గట్టిగానే అనబోతున్నట్టు ఉంది. అంతలో నా మీద మళ్ళీ వేళ్ళు పడ్డాయి.

"ఆయన్నేమీ అనకండి. ఆసుపత్రిలో నలభై రోజులు నా గొంతులో గొట్టం కడిగింది ఆయనే. మా అబ్బాయికి నా ఉద్యోగం కావాలి. నాకూ నా ఉద్యోగమే కావాలి. ముందు నేను చేరాను."

గదిలో ఎవరో నవ్వారు. త్రిమూర్తులుగారు మాత్రం నవ్వలేదు.

రెండు వారాల తర్వాత కాగితం వచ్చింది. జనంతో మాట్లాడాల్సిన పనులు వద్దు, టైపు పని చేయవచ్చు అని. ఆ రెండు వారాలూ ఆయన ఇంట్లో ముభావంగా తిరిగారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నారు, "అందరి ముందూ నా పరువు తీశావు."

ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని కొట్టింది. "మాట పోయాక నాకు మిగిలింది మీరేనని అనుకున్నాను. మీరు కూడా నన్ను అడగలేదు," అంది ట్యాబు.

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. చీకటి పడ్డాక గానీ రాలేదు.

ఇప్పుడు నేను పగలంతా ఆఫీసులో ఆవిడ బల్ల మీద ఉంటాను. పక్క బల్ల దగ్గరికి కాగితాల కోసం వచ్చినవాళ్ళు ట్యాబు మాట్లాడగానే గదంతా చూస్తారు, ఎవరో దాక్కుని మాట్లాడుతున్నారేమో అని. వాళ్ళను తప్పుపట్టను. నా స్వభావమూ అదే కదా. లోవరాజు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో చేరాడు. జీతం చిన్నదే. ఆదివారం బ్రష్షు మానలేదు.

సాయంత్రాలు వీధి అరుగు మీద భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుంటారు. ఆవిడ టైపు చేస్తుంటే ఆయన ఎదురుగా ఆగుతారు. రెండు మాటలు పడగానే మిగతాది తెలిసిపోయినట్టు ఆయన ముఖం వెలుగుతుంది, చెయ్యి పైకి లేస్తుంది. వెంటనే ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంటారు. పూర్తయ్యాక వింటే, చాలాసార్లు అది ఆయన అనుకున్న మాట కాదు.

మొన్న కూడా అంతే. ఆవిడ 'నాకు' అని కొట్టగానే ఆయన ఆగలేక, "టీ కావాలా?" అన్నారు. ఆవిడ చేత్తో ఆగమని, నిదానంగా కొట్టింది.

"నాకు మీ మీద కోపం పోయింది. టీ కూడా కావాలి."

ఆయన గబుక్కున లేచి లోపలికి వెళ్ళిపోయారు. టీ పెట్టడానికే అయితే అంత తొందర అక్కర్లేదు. కళ్ళు తుడుచుకోవడానికే వెళ్ళారని నా అనుమానం.