శంషాబాద్ ముఖం

శంషాబాద్‌లో ఏ గోడ చూసినా, ఏ స్తంభం చూసినా జకియా చేతిపనే. పెళ్లి ఫ్లెక్సీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, నాయకుల స్వాగతాలు. ఆరేళ్లుగా హైవే పక్కన ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తోంది. ఊరంతా ఆమె బొమ్మల కిందనుంచే నడుస్తుంది గానీ ఒక్కదాని మీదా ఆమె పేరుండదు. షాపు పేరు మాత్రం ఇంత లావున ఉంటుంది. అదే ఆమెకు కడుపుమంట.

అందుకే ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక కొత్త హోటలువాళ్లు బొమ్మల పోటీ పెట్టారని తెలియగానే సెలవు పెట్టి మరీ వచ్చింది. అంశం ‘శంషాబాద్ ముఖం’. హోటలు ఇచ్చిన ఎనిమిది ఫోటోలతోనే కంప్యూటరు మీద బొమ్మ కూర్చాలి. గడువు మూడు గంటలు. గెలిచిన బొమ్మను హోటలు ముందుగోడ నిండా వేసి, కింద గీసినవాళ్ల పేరు రాస్తారు. గడువులోగా బొమ్మ మీద పేరు రాయకపోతే మాత్రం పక్కన పెట్టేస్తారు. పన్నెండు మందిలో ఫ్లెక్సీ షాపు నుంచి వచ్చింది జకియా ఒక్కతే. అయినా బెదరలేదు. గంటకు నాలుగు ఫ్లెక్సీలు తీసే చేతికి మూడు గంటలంటే పండుగే.

అందరూ విమానం ఫోటోను పట్టుకుని వేలాడారు. జకియా కన్ను మాత్రం హోటలు తోటలో గడ్డి కోస్తూ, చేతిలో కొడవలితో తలెత్తి చూస్తున్న ఒకామె ఫోటో మీద పడింది. ఫోటోలోంచి ఆమె బొమ్మను కత్తిరించి, ఫ్లెక్సీలో పెద్ద నాయకుడిలా నిలువెత్తున నిలబెట్టింది. విమానాన్ని, ఎయిర్‌పోర్టు టవరును, హిమాయత్ సాగర్ చెరువును చిన్న గుండ్రాల్లో బిగించి, గల్లీ లీడర్ల ఫోటోల్లా అడుగున వరుసగా పేర్చింది. పక్క సీటులో ఆర్ట్ కాలేజీలో చదివిన రాహుల్ తొంగిచూసి నవ్వాపుకున్నాడు.

“అచ్చం ఫ్లెక్సీలా ఉందండీ,” అన్నాడు మర్యాదగానే.

“ఫ్లెక్సీనే అన్నా. ఊరు సూసేది గదే గద,” అంది జకియా.

ఇంకా అరగంట ఉండగానే పని ముగించింది. షాపు అలవాటు కొద్దీ బొమ్మలోని పొరలన్నీ, అంటే లేయర్లన్నీ, ఒక్కటిగా కలిపేసి సేవ్ చేసింది. ఇక పేరు రాయడమే తరువాయి. అప్పుడే హాల్లో కుండీలకు నీళ్లు పోయడానికి వచ్చిన తోటపనామె తెర ముందు ఆగిపోయింది. ఫోటోలో ఉన్నది ఆమే.

“చీర నాదే బిడ్డా, కొడవలి నాదే. గీ మొకం ఎవల్ది?”

జకియా బొమ్మను దగ్గరికి లాగి చూసి ఉలిక్కిపడింది. షాపులో ఫోటో తెరవగానే ముందు ముఖం తెల్లబరచాలి, ముడతలు తుడిచేయాలి. లేకపోతే గిరాకీకి వచ్చినవాళ్లు గొడవకొస్తారు. జకియాను అడగకుండానే ఆమె వేళ్లు ఆ పని చేసేశాయి. ఎండకు కమిలిన నలుపు, నుదుటి గీతలు, చెంప మీది మచ్చ, అన్నీ గల్లంతు. జకియా సిగ్గుపడుతూ ఆమె వైపు తిరిగింది.

పేరడిగితే దుర్గవ్వ అంది, ఊరు తొండుపల్లి అంది. పొరలు కలిసిపోయాయి గనుక వెనక్కి పోయే దారి లేదు. అసలు ఫోటో మళ్లీ తెరిచి, ముఖాన్ని మొదటినుంచీ కత్తిరించి, వెంట్రుక వెంట్రుకా అతికించింది. రెండు నిమిషాలు మిగిలాయి. గడ్డం కింద నీడ ఇంకా దిద్దాలి. మూలన పేరు ఇంకా రాయాలి. జకియా దుర్గవ్వను ఒకసారి చూసి, నీడే దిద్దింది. గంట మోగింది.

న్యాయనిర్ణేతల్లో పెద్దామె, చిత్రకారిణి కళ్యాణి, పెద్ద తెర మీద వరుసగా చూపిన బొమ్మల్లో ఆ బొమ్మ దగ్గరే నిలబడిపోయారు. పేరు లేదు, పక్కన పెట్టాలని మేనేజరు గుర్తుచేశాడు. ముందు ఎవరిదో చెప్పనివ్వమన్నారావిడ. రాహుల్ నవ్వకుండా జకియా వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి దిగేలోపే జకియా లేచి నిలబడింది.

“నాది మేడం. నా పేరు జకియా. పేరు రాసే టైంల మొకం దిద్దిన, ఆ మొకం దుర్గవ్వది. గోడ మీద ఎక్కిస్తే ఇద్దరి పేర్లు ఎక్కియ్యుండ్రి. లేకుంటే వద్దు.”

మేనేజరు నోరు తెరవబోయాడు. అప్పటికే కళ్యాణి గెలిచినవాళ్ల పేరు రాసే కాగితం మీద రెండు పేర్లూ రాసేశారు.