దుప్పటికి రెండో కొస

ఆ రోజు చేయాల్సిన పనులు: ఆఫీసులో సగం రోజు సెలవు అడగాలి. నాటకం వాళ్లందరికీ వంట చేయాలి. అత్తయ్య మోకాళ్ల మందు తేవాలి. ఆడపడుచు వేషం బట్టల్ని, కొత్తవని తెలియకుండా, తడిపి ముడతలతోనే ఆరేయాలి. ఆమె గొంతు కోసం ఫ్లాస్కులో వేడినీళ్లు పోయాలి. తర్వాత ముందు వరుసలో కూర్చుని మా అమ్మను చూడాలి.

మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా చిన్నప్పుడు, అవతలి ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే లాంచీ నదిలో మునిగింది. మా వీధిలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరు పోయారు. మా ఇంట్లో అక్క. నాటకం ఆ మునక గురించే. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి వేషం మా ఆడపడుచుది.

వేషం ఖాయమైన రోజే ఆమె వంటింట్లోకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను.

"వదినా, కబురు వచ్చినప్పుడు మీ అమ్మ ఎలా ఏడ్చింది?"

"ఏడవలేదు."

"అయ్యయ్యో, నేను ఏడవకపోతే జనం ఎలా ఏడుస్తారు?"

చెప్పాను. అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. తడి దుప్పటి పిండడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో కొస పట్టుకుని చెరోవైపు మెలితిప్పాలి. ఎవరో వీధిలో అరుస్తూ పరిగెత్తినప్పుడు ఒక కొస నా చేతిలో ఉంది. "వదలకు, నేల తగిలితే మళ్లీ ఉతకాలి" అంది అమ్మ. నీళ్లన్నీ పిండింది, తీగ మీద వేసింది, అంచులు సరిచేసింది. అప్పుడు నదికి నడిచింది.

ఆడపడుచు తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఒక్కసారి చూపించవూ" అంది. చూపించాను. అటుగా వచ్చిన మా ఆయన, "పోన్లే, ఇన్నాళ్లకి మీ అమ్మ మాకు పనికొచ్చింది" అని నవ్వాడు.

నాటకంలో నా కొసను స్తంభానికి కట్టారు. ఆడపడుచు ముందే చెప్పింది: "పక్కన చిన్నపిల్ల ఉంటే జనం చూపు అటు పోతుంది వదినా."

ఆమె బాగా చేసింది. చేయకపోతే బాగుండేది. ఒక్క మాట లేకుండా దుప్పటి మెలిపెడుతుంటే హాలంతా వెక్కిళ్లు. "చూశావా నా కూతురు! గుండెలు పిండేస్తోంది" అని అత్తయ్య నా మోచెయ్యి పొడిచింది. అక్క పోయినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది, ఆడపడుచును చూసి. అందుకే ఆమెను క్షమించలేకపోయాను. నాటకం అయ్యాక, ఆ లాంచీలోనే భర్తను పోగొట్టుకున్న ఒక ముసలామె వచ్చి ఆడపడుచు చెంపలు నిమిరింది, "నా బాధంతా నీకెలా తెలిసిందమ్మా!" అంది. నేను సంచీ, ఫ్లాస్కు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ముఖం అలా పెట్టావేం? మా చెల్లెలంటే కుళ్లు నీకు" అన్నాడు మా ఆయన ఇంటికొచ్చాక.

"అవును" అన్నాను. హాస్యమనుకున్నాడు.

చప్పట్ల మీద కాదు నా కుళ్లు. అప్పటినుంచి అమ్మను తలుచుకుంటే ఆడపడుచు ముఖం వస్తోంది. ఆ చేతులు, ఆ మెడ వంపు, అన్నీ ఆమెవే. చదువుకుని, ఉద్యోగం చేసి, ఇంతమందికి వండి, నాదంటూ దాచుకున్నది ఆ ఒక్క ముఖం. అదీ అరువిచ్చేశాను.

నిన్న ఆడపడుచు నా పక్కన కూర్చుని కూరలు తరిగిపెట్టింది. మంచి మనిషే. నాటకాన్ని ఊరూరా తీసుకెళ్తున్నారట.

"రెండో అంకం పెంచుతున్నాం వదినా. మీ అమ్మ గురించి ఇంకేమైనా ఉందా?"

ఉంది.

"లేదు. అంతే" అన్నాను.

ఇది మీకు మాత్రం చెబుతున్నాను. నాతోనే పోతే అమ్మ రెండోసారి పోయినట్టే. ఆ లాంచీలోంచి పక్కింటి పిల్ల ఈదుకుని బయటపడింది. వాళ్లమ్మ ఓదార్చడానికి వస్తే అమ్మ తలుపు మూసేసింది. ఆ పిల్ల వీధిలో కనబడితే ముఖం తిప్పుకునేది. అమ్మ మంచాన పడ్డాక ఆ పిల్లే జావ కాచి తెచ్చింది. "గడప బయట పెట్టి పో" అంది అమ్మ. ఆ పిల్ల వెళ్లాక నాతో, "మన దానికీ ఈత వచ్చుగా. దీనికే ఎందుకు దొరికింది ఒడ్డు?" అంది. ఆ మాట అన్నప్పటి ముఖం ఇంకా అమ్మదే. చూస్తే ఏ హాలూ చప్పట్లు కొట్టదు.

నాటకంలో ఆవిడ మునిగినవాళ్లందరికీ తల్లి. మా అమ్మ మా అక్కకు తల్లి, అంతే. మీ ఊరికి ఆ నాటకం వస్తే వెళ్లండి, కడుపునిండా ఏడవండి. ఇంటికొచ్చి చెప్పులు విప్పుకునేటప్పుడు మాత్రం, పక్కింటి పిల్ల బతికిందని చచ్చేదాకా ఓర్వలేకపోయిన ఒకావిడను కాస్త గుర్తు చేసుకోండి.