దాచడం మరిచిపోయిన ఇంటి నంబరు

లైబ్రేరియనమ్మ చేసిన తప్పు ఒక్కటే. పాత చీటీల మీద పేర్లు కనబడకుండా కాగితం అంటించింది. ఇంటి నంబరు దాచడం మరిచిపోయింది.

ఆ తప్పు పట్టుకుని వెల్డరు మూడున్నరకు లైబ్రరీలో చదువుకునే గదిలోకి దూసుకొచ్చాడు. చేతులకున్న గ్లౌజులు కూడా తియ్యలేదు.

"మా ఇంటి నంబరు అద్దంలో పెట్టి చూపిస్తున్నారట! రోగాల కొంపని ఊరంతా చాటుతారా?"

గోడ వారన అద్దాల బీరువా. అందులో యాభై ఐదేళ్ల కిందటి చీటీలు. అంటురోగం ఉన్న ఇంటి నుంచి పుస్తకం తిరిగొస్తే, అప్పట్లో దాన్ని పెరట్లో తగలబెట్టేవాళ్లు. చీటీ మీద ఎర్రసిరాతో రాసేవాళ్లు: 'కంఠసర్పి. కాల్చబడినది.' పుస్తకాలు కాల్చడానికి అందరికీ చేతులొచ్చాయి. పిల్లలకు టీకా మాత్రం ఆ ఇళ్ల దాకా రాలేదు.

ఇప్పుడు అదే కంఠసర్పి, డాక్టర్లు డిఫ్తీరియా అనేది, మళ్లీ దిగింది. వారంలో ముగ్గురు పిల్లలు ఆసుపత్రిలో పడ్డారు. గొంతులో బూడిదరంగు పొర, ఊపిరాడదు. అందుకే లైబ్రేరియనమ్మ నర్సుని పిలిపించి, ఆ బీరువా పక్కనే టీకాల బల్ల వేయించింది. సరిగ్గా నాలుగింటికి నర్సు మంచుపెట్టె మూసుకుని వెళ్లిపోవాలి. మళ్లీ వచ్చేది నెల తర్వాతే.

వరసలో చివర వెల్డరు పెళ్లాం. చంకలో రెండేళ్ల పిల్ల. ఆ ఒంటికి ఇంతవరకు ఒక్క టీకా తగల్లేదు.

వెల్డరు చూశాడు. "నువ్వా? పద ఇంటికి."

"టీకా వేయించాక వస్తా."

"నోరు బాగా లేచిందే!"

"ముగ్గురు పిల్లలు పడ్డాక కూడా లేవకపోతే ఈ నోరెందుకు, గంజి తాగడానికా?"

అతను బల్లకీ పెళ్లానికీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. "అమ్మా, రా లోపలికి! చూడండి అందరూ. అరవై రెండేళ్లు. ఒక్క సూది పడలేదు. గుండ్రాయిలా ఉంది!"

సాక్ష్యానికి తల్లిని వెంటబెట్టుకొచ్చాడు మహానుభావుడు.

"గుండ్రాయికి సూది దిగదులే బాబూ," అంది నర్సు. "పిల్ల సంగతి చెప్పు. పావుగంటే ఉంది."

ముసలామె గడప దగ్గరే ఆగిపోయింది. తర్వాత మెల్లిగా వచ్చింది, కొడుకు దగ్గరికి కాదు, బీరువా దగ్గరికి. ఒకే ఇంటి నంబరున్న మూడు చీటీల మీద అద్దం పైనుంచే వేలు పెట్టింది.

"ఆ కాగితం తియ్యి తల్లీ."

"పేరు బయటపడుతుందమ్మా, తియ్యకూడదు."

"నా పేరే."

లైబ్రేరియనమ్మ బీరువా తెరిచి, కాగితాన్ని అంచు పట్టి మెల్లిగా తీసింది. ముసలామె చూసింది.

"నాకప్పుడు ఏడేళ్లు. తమ్ముళ్లిద్దరికీ, చెల్లికీ చదివి వినిపించేదాన్ని. పదకొండు రోజుల్లో ముగ్గురూ పోయారు. పుస్తకంతో చావుని మోసుకొచ్చింది ఈ పిల్లేనన్నారు ఇంట్లో. మళ్లీ ఈ గడప తొక్కలేదు."

వెల్డరు గొంతు తగ్గింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"ఏం చెప్పమంటావురా? నేనే చంపానని చెప్పనా?"

"నువ్వు తేలేదమ్మా," అంది నర్సు. "అది దగ్గు తుంపర్లలో వస్తుంది. పక్కన ఎవరు దగ్గినా చాలు."

"మరి నేనెలా మిగిలాను?"

"అదృష్టం. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు."

ముసలామె కొడుకు వైపు తిరిగింది. "విన్నావా? గుండ్రాయి కాదట, అదృష్టమట. నలుగురిలో ఒక్కదాన్ని మిగిలాను. నీకెంతమందిరా?"

అతను పిల్లను చూశాడు. ఒక్కతే.

నాలుగుకి ఇంకా ఐదు నిమిషాలే. నర్సు చెయ్యి పెట్టె మూత మీదికి వెళ్లింది. పెళ్లాం కదల్లేదు, కళ్లూ దించలేదు. వెల్డరు గ్లౌజులు ఊడదీసి జేబులో కుక్కుకున్నాడు.

"పిల్లనిటివ్వు," అన్నాడు. "తంతుంది. నీవల్ల కాదు."

పిల్ల ఏడుపు గది పైకప్పుకి తగిలింది.

"ఒక్కదానితో అయిపోలేదు. నెలకి మళ్లీ తీసుకురావాలి," అని నర్సు మూత బిగించింది.

లైబ్రేరియనమ్మ కాగితం ముక్క నంబరు మీద కూడా అంటించబోయింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉంచు. నెలకి వీడు రాకపోతే, ఆ నంబరు చూసుకుని ఇంటికొచ్చి లాక్కురా."